బండిలో పాట, బ్యాటరీలో పద్దు
(సాంస్కృతిక సమితి వార్షికోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఉద్యోగధర్మముచేత కన్నవారిని, కన్నయూరిని విడిచి సముద్రము దాటి వచ్చిన కుటుంబములకు పాట యనునది వట్టి కాలక్షేపము కాదు. అది పుట్టింటినుండి వచ్చిన సారె వంటిది. 2011 జనాభా లెక్కల ప్రకారము అండమాన్ నికోబార్ దీవులలో నూటికి పదుమూడుగురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వలలతోను, కూలిపనులకును వచ్చి స్థిరపడినవారు కొందరు. బదిలీ ఉత్తరువు చేతబట్టుకొని వచ్చినవారు కొందరు. ఎవరెట్లు వచ్చినను, సాయంకాలము బండి నడుపుచు ఘంటసాల పాటనో, పల్లెపదమునో వినినపుడు అందరి మనసులును ఒక్క గడియ తూర్పు కనుమల నీడకు పోయివచ్చును.

కావున సాంస్కృతిక సభలో కారు బ్యాటరీ ప్రసక్తి యేల యని యెవరును ఆశ్చర్యపడ నక్కరలేదు. పాట చెవికి చేరవలెనన్న దానికొక వాహనము కావలెను. ఆ వాహనమునకు విద్యుత్తు కావలెను. ఆ విద్యుత్తునకు ఒక జమాఖర్చు కలదు. ఆ జమాఖర్చు తెలియక పాటను పెంచుకొన్నవారు బండిని పోగొట్టుకొనుట, ఒక్కొక్కప్పుడు అంతకన్న విలువైనదానిని ప్రమాదమునకు లోనుచేయుట సంభవించును. నేటి ప్రసంగమునకు విషయము ఇదియే.

బాంబూఫ్లాట్ ఈ విషయమునకు మిక్కిలి తగిన స్థలము. 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లెయరు నగరమునకు ఎదురుగా, రేవునకు ఆవలి యొడ్డున ఈ యూరు కలదు. చాథమ్ రేవునుండి పడవ యెక్కినచో కొలది నిమిషములలో బాంబూఫ్లాట్ చేరవచ్చును. అదే నేలదారిని పోవలెనన్నచో ఫెరార్‌గంజ్ మీదుగా చుట్టి రావలెను. వెనుక ఉన్న కొండ, పూర్వము మౌంట్ హారియట్ అని పిలువబడి 2021లో మౌంట్ మణిపూర్ అయినది. ఆ కొండపాదమున ఉన్న హోప్‌టౌన్ రేవులోనే 1872 ఫిబ్రవరి 8వ తేదీన వైస్రాయి మేయో ప్రభువు షేర్ అలీ అను ఖైదీ చేతిలో హతుడయ్యెను. చరిత్ర యట్లుండగా, నేటి బాంబూఫ్లాట్ వాసికి నిత్యానుభవము వేరు: మనుష్యుల పడవ, బండ్ల పడవ, బండ్ల వరుస, వాన, ఉప్పుగాలి. కారులోని విద్యుత్తును పరీక్షించుటకు ఇంతకన్న కఠినుడైన పరీక్షకుడు లేడు.

ఇంకొక పోలిక కూడ గమనింపదగినది. భారత భూభాగమున ఒక చోట విద్యుత్తు కొరవడినచో మరియొక రాష్ట్రమునుండి తీగల ద్వారా తెచ్చుకొనవచ్చును. దీవులకు ఆ సౌకర్యము లేదు. ఎంత ఉత్పత్తియో అంతే వాడుక. చిరకాలము ఆ యుత్పత్తికి డీసెలే ఆధారమైనది. బాంబూఫ్లాట్‌లోనే 2003లో 20 మెగావాట్ల డీసెలు విద్యుత్కేంద్రము నెలకొనెను. 2020లో దక్షిణ అండమానులో నైవేలీ సంస్థ 20 మెగావాట్ల సౌర విద్యుత్కేంద్రమును బ్యాటరీలతో సహా ఏర్పరచెను. కారును అట్లే చూడవలెను. కారు కూడ ఒక ద్వీపమే. దానిలో ఇంజను తిప్పెడి ఆల్టర్నేటరు ఒక విద్యుత్కేంద్రము. బ్యాటరీ ఒక నిలువకొట్టు. దీపములు, పంకాలు, పాట యన్నియు వాడుకదారులు. బయటినుండి అప్పు తెచ్చుకొనుటకు తీగ లేదు.

పాటయు, విద్యుత్తును కారులో ఎట్లు కలిసినవో చెప్పుట ఆసక్తికరముగా నుండును. 1930లో అమెరికాలో పాల్ గాల్విన్ అను వ్యాపారి తన కారులో రేడియో అమర్చి, అట్లాంటిక్ సిటీలో జరుగుచున్న రేడియో తయారీదారుల సభ వెలుపల దానిని నిలిపి పాట వినిపించెను. ఆ రేడియోకు పెట్టిన పేరే మోటరోలా. పిమ్మట సంస్థకే ఆ పేరు వచ్చెను. ఆ తొలి రేడియో పనిలో పాలుపంచుకొన్న యువకులలో ఎల్మర్ వేవరింగ్ ఒకడు. కారునకు పాట నిచ్చిన యీ వ్యక్తియే తరువాతి దశాబ్దములలో కారునకు ఆల్టర్నేటరు నిచ్చుటలోను ముఖ్యుడయ్యెను. ఖర్చు కల్పించినవాడే ఆదాయమును గూడ వెదకెనన్న మాట.

అంతకు ముందు కార్లలో డైనమో ఉండెడిది. బండి వేగముగా పోవునపుడు అది చక్కగా విద్యుత్తు నిచ్చును గాని, నిలిచియున్నపుడు దాదాపు ఏమియు నీయదు. ఉత్పత్తియైన విద్యుత్తంతయు కార్బన్ బ్రష్షుల ద్వారా రావలసియుండుటచే అవి అరిగిపోవుచుండెను. సిలికాన్ డయోడులు చౌకగా లభించిన పిమ్మట ఆల్టర్నేటరు సాధ్యమయ్యెను. దీనిలో బ్రష్షుల ద్వారా పోవునది కొలది ఆంపియర్లే; పెద్ద ప్రవాహము కదలని తీగచుట్టలనుండి డయోడుల మీదుగా వెలువడును. 1960 మోడలు క్రైస్లర్ వేలియంట్ కారులో ఇది సాధారణ సామగ్రిగా వచ్చెను. మన దేశమున అంబాసిడర్ కారునకు మొదట డైనమోయే ఉండెను. ఆల్టర్నేటరు తరువాత వచ్చెను. మద్రాసులో 1961లో నెలకొన్న లూకాస్ టీవీయస్ సంస్థ మన బండ్లకు వీనిని తయారుచేయుచున్నది. బ్యాటరీల విషయమున తెలుగునాడు వెనుకబడలేదు: గల్లా రామచంద్రనాయుడుగారు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి ప్రాంతమునుండి దేశమంతటికిని బ్యాటరీల నందించుచున్నది.

ఇక జమాఖర్చునకు వత్తము.

కారు బ్యాటరీని పన్నెండు వోల్టులదని వాడుకలో అందురు. దానిలో ఆరు అరలు కలవు. ఒక్కొక్కటి రెండు వోల్టులకు కొంచెము పైన. నిండుగా ఉండి విశ్రాంతిలో నున్నపుడు కొలిచినచో 12.6 లేక 12.7 వోల్టులు చూపును. 12.2 చూపినచో సగము ఖాళీ, 11.9 చూపినచో దాదాపు అడుగంటినట్లే. ఇంజను నడచునపుడు కొలిచిన 13.8కి 14.4కి నడుమ ఉండవలెను. అట్లున్నచో ఆల్టర్నేటరు పని చేయుచున్నదనియు, బ్యాటరీకి జమ పడుచున్నదనియు తెలియును. కొన్ని వందల రూపాయల మల్టీమీటరు ఒకటి ఇంట నున్నచో ఈ లెక్క ఎవరైనను చూచుకొనవచ్చును. ఇది ఖజానా పుస్తకమును తెరచి చూచుట వంటిది. పుస్తకము చూడకుండ ఖర్చు మంజూరు చేయు అధికారి యెట్టివాడో, మీటరు పెట్టకుండ యాంప్లిఫైయరు కొన్నవాడు నట్టివాడే.

ఒక చిన్న కారును తీసికొనవచ్చును. దాని ఆల్టర్నేటరు మీద 70 ఆంపియర్లని వ్రాసియుండును. ఆ యంకె చూచి సంతోషించువారు పెక్కురు. కాని యది వేగముగా తిరుగునపుడు ఇచ్చెడి మొత్తము. ఇంజను నిలుకడగా, నెమ్మదిగా తిరుగునపుడు, అందును వేడెక్కియున్నపుడు, 40 ఆంపియర్లు వచ్చిన గొప్ప. వాన రాత్రి ఖర్చులు చూడుడు: ముందు దీపములకు, వెనుక దీపములకు 11, ఇంజను నడుపు పరికరములకు, పెట్రోలు పంపునకు 12, రేడియేటరు పంకాకు 10, లోపలి గాలి పంకాకు 7. మొత్తము 40. ఆదాయమునకు వ్యయమునకు సరి. వైపరు తిరుగుట మొదలిడగానే లోటు. ఇంకను పాట మొదలు కాలేదు!

ఇట్టి కారులో 600 వాట్ల యాంప్లిఫైయరు పెట్టినారనుకొనవచ్చును. ఆ వాట్లు నిజమైనవైనచో, నూటికి ఎనుబది పాళ్ళు సామర్థ్యము గల క్లాస్ డి రకము యాంప్లిఫైయరు గట్టిగా పాడునపుడు 750 వాట్లు గ్రహించును. దానిని 13.8 వోల్టులచే భాగించినచో 54 ఆంపియర్లు. పాతరకము, అనగా నూటికి అరువది పాళ్ళ సామర్థ్యము గలదైనచో 72 ఆంపియర్లు. పాట యెప్పుడును ఒకే గట్టిగా ఉండదు. మృదంగపు దెబ్బకు దెబ్బకు నడుమ విరామముండును. కావున గట్టిగా వినువారికి సగటున మూడవవంతు, అనగా 18 ఆంపియర్లు ఖర్చని వేసికొనవచ్చును. నడచుచున్న కారు దీనిని భరించును. నిలిచియున్న కారు భరింపజాలదు. ఇంజను ఆపిన కారునకు ఆదాయమే లేదు; ఆ 18 ఆంపియర్లును నిలువనుండి పోవలసినవే.

బాంబూఫ్లాట్‌లో కాపురముండి నగరములో కొలువు చేయు ఒక గృహస్థుని ఊహింపుడు. ఇంట ముసలి తల్లి, భార్య, బడికి పోవు ఇద్దరు పిల్లలు. పిల్లల బడి ఆవలి యొడ్డున నుండుటచే ప్రతిదినము కారును బండ్ల పడవపై దాటించును. పాటలన్న ప్రాణము. పండుగ బోనసు రాగానే ఒక పెద్ద వూఫరును, యాంప్లిఫైయరును, అంగడివాడు చేతికిచ్చిన సన్నని తీగను కొని అమర్పించెను. సాయంకాలము రేవులో వరుసలో నిలిచి, ఇంజను ఆపి, పిల్లలతో గూడి ముప్పదియైదు నిమిషములు పాటలు వినుట వారి కుటుంబమునకు దినమునకంతటికిని తీయని సమయమైనది.

ఇప్పుడు పద్దు వ్రాయవచ్చును. ముప్పదియైదు నిమిషములకు 18 ఆంపియర్ల చొప్పున ఖర్చు పదిన్నర ఆంపియరు గంటలు. ఇంటినుండి రేవునకు, రేవునుండి బడికి, కచేరికి జరుగు చిన్న ప్రయాణములలో బ్యాటరీకి తిరిగి జమపడునది మహా యైన ఐదారు గంటలు. దినమునకు లోటు ఐదు. బ్యాటరీ మొత్తము నిలువ 45. సోమవారమున మొదలైన లోటు శుక్రవారము రాత్రికి ఇరువదియైదు; అనగా సగమునకు పైగా ఖాళీ. పైగా సగము ఖాళీతో దినములు గడుపు బ్యాటరీ పలకలపై సల్ఫేటు గట్టిపడి, ఆ సగము మరల నిండుటకు వీలుకాకుండ పోవును. ఇది ఒక్కనాటి లోటు కాదు, మూలధనమే తరిగిపోవుట.

ఆ శుక్రవారము రాత్రి రెండుజాములవేళ తల్లికి ఊపిరాడలేదు. బాంబూఫ్లాట్ ఆరోగ్యకేంద్రమునకు దూరము కొలదియే. గృహస్థు తాళము త్రిప్పెను. సెల్ఫు టక్కుటక్కుమనెనే గాని తిరుగలేదు. మరల త్రిప్పెను, డాష్‌బోర్డు దీపములు కూడ మసకబారెను. పొరుగింటి ఆటోవాని తలుపు తట్టి, ఆటోలో తల్లిని చేర్చునప్పటికి ముప్పావుగంట పట్టెను. ఆమె కోలుకొనుట భాగ్యము. మరునాడు పిల్లవాడు "నాన్నా, పాటవల్ల బండి చెడిందా?" యని అడిగినపుడు తండ్రికి మాట పెగలలేదు.

శ్రీకాకుళపు పెద్ద మేస్త్రి వచ్చి, మూత యెత్తి, మీటరు పెట్టి, నవ్వి యనెను: "బాబూ, మద్దెలోడిని తెచ్చి కూకోబెట్టినారు, బాగుంది. ఆడికి కూడెవరు పెడతారో సూసుకోనేదు." సెక్రటేరియట్టు భాషలో చెప్పవలెనన్న: పోస్టు మంజూరైనది, జీతపు పద్దు మంజూరు కాలేదు.

అటుపిమ్మట ఆ మేస్త్రి చేసిన పని యే క్రమమున జరిగినదో, ఆ క్రమమే అందరకును ఆచరణీయము.

మొదటిది, తీగలు. ఆల్టర్నేటరు పెద్దది కొనుటకు ముందు, ఉన్న ఆదాయము దారిలో చిల్లుపడి పోకుండ చూడవలెను. కారు తయారైనపుడు వేసిన తీగలు ఆనాటి ఖర్చునకు సరిపోవునవి మాత్రమే. మూడు తీగలను లావు చేయవలెను: ఆల్టర్నేటరునుండి బ్యాటరీ ప్లస్సునకు పోవునది, బ్యాటరీ మైనస్సునుండి బాడీకి పోవునది, ఇంజనునుండి బాడీకి పోవునది. పాతవానిని తీసివేయ నక్కరలేదు. వాని ప్రక్కన కొత్తవి వేసిన చాలును. చాలమంది మొదటి తీగనే మార్చి మిగిలిన రెంటిని మరతురు. పోయిన విద్యుత్తు తిరిగి రావలసిన దారి యదియే యని వారికి తోచదు. పోవు బాట రాజమార్గమై, వచ్చు బాట కాలిబాటయైనచో ప్రయోజనమేమి?

యాంప్లిఫైయరునకు పోవు తీగ విషయమున లెక్క మరింత స్పష్టము. డిక్కీవరకు ఐదు మీటర్ల రాగితీగ, ఎనిమిది చదరపు మిల్లీమీటర్ల లావు గలది వేసినచో, 54 ఆంపియర్లు పోవునపుడు దారిలోనే దాదాపు 0.6 వోల్టు హరించిపోవును. ఇరువదియైదు చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో ఆ నష్టము 0.2కు లోపుగా తగ్గును. అంగడిలో ఎఱ్ఱని మెరుపుతో అమ్ముడుపోవు చౌకతీగలలో పెక్కు రాగిపూత పూసిన అల్యూమినియము. దాని నిరోధము రాగికన్న ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. కొన చెక్కి చూచిన లోపలి తెలుపు బయటపడును. పైపూత చూచి మోసపోవుట తీగల విషయమునకే పరిమితము కాదు గదా!

రెండవది, ఫ్యూజు. బ్యాటరీ ప్లస్సునుండి బయలుదేరు ప్రతి పెద్ద తీగకు బ్యాటరీనుండి మూరెడు దూరములోపల ఫ్యూజు ఉండవలెను. ఫ్యూజు యాంప్లిఫైయరును రక్షించుటకని కొందరి భ్రమ. అది తీగను, తద్ద్వారా బండిని, బండిలోనివారిని రక్షించుటకు. తీగ యెక్కడనో రేకు అంచున ఒరసికొని తొడుగు తెగి బాడీకి తగిలినచో, బ్యాటరీ వందలాది ఆంపియర్లను ఒక్కసారి కుమ్మరించును. ఫ్యూజు లేనిచో ఆ తీగయే నిప్పుకణిక యగును. ఫ్యూజు యాంప్లిఫైయరు దగ్గర నున్నచో, దానికి ముందున్న నాలుగున్నర మీటర్లకు రక్షణ లేనట్లే. రేకు గోడ దాటుచోట రబ్బరు వలయము తప్పనిసరి. పై లెక్కలోని యాంప్లిఫైయరునకు, ఇరువదియైదు చదరపు మిల్లీమీటర్ల తీగకు 80 ఆంపియర్ల ఫ్యూజు తగును. పదేపదే పోవుచున్న ఫ్యూజుకు బదులు పెద్దది పెట్టుటగాని, రేకుముక్క చుట్టుటగాని, ఇంటి కావలివానికి మత్తుమందు పెట్టుట వంటిది.

మూడవది, కెపాసిటరు. ఈ వస్తువును గురించి అంగడులలో చెప్పబడునంత మహిమ మరి దేనిని గురించియు చెప్పబడదు. ఒక ఫారడ్ కెపాసిటరు 13.8 వోల్టులనుండి 12.6కు దిగులోపల ఇచ్చెడి శక్తి సుమారు 16 జౌళ్ళు. 750 వాట్లు తిను యాంప్లిఫైయరునకు అది సెకనులో ఏబదవ వంతుకు మాత్రము సరిపోవును. మద్దెల దెబ్బ తగిలిన క్షణమున వోల్టేజి కుంగకుండ అది కొంత సాయపడును. కాని ఆదాయము కాదు. అది చేబదులు. నెలాఖరు రెండు దినములకు చేబదులు పనికివచ్చును గాని, జీతము చాలని కుటుంబము చేబదులుతో నెల యంతయు గడుపజాలదు.

నాలుగవది, బ్యాటరీ. పెద్ద బ్యాటరీ పెట్టినంత మాత్రమున ఆదాయము పెరుగదు. కొట్టు పెద్దదగును, అంతే. ఖాళీ యైనపుడు దానిని నింపుటకు మరింత కాలము పట్టును. అయినను ఇంజను ఆపి పాట విను అలవాటు గలవారికి పెద్ద కొట్టు కొంత మేలు. కొత్త కార్లలో నిలిచినపుడు ఇంజను తనంతట ఆగు ఏర్పాటు కలదు. వానికి ఈఎఫ్‌బీ, ఏజీఎమ్ అను ప్రత్యేకపు రకములు వేయవలెను గాని సామాన్యపు బ్యాటరీలు కాదు. మరియు ఇట్టి కార్లలో బ్యాటరీ మైనస్సు కొననుండు చిన్న పరికరము రాకపోకల నన్నింటిని లెక్కించుచుండును. యాంప్లిఫైయరు ఎర్తును నేరుగా ఆ కొనకే బిగించినచో ఆ ఖర్చు లెక్కకు రాదు; ఖాతా తప్పును. బాడీకే బిగింపవలెను.

ఐదవది, చిట్టచివరిది, ఆల్టర్నేటరు. తీగలు, ఫ్యూజు, బ్యాటరీ సరియైన పిమ్మటను ఇంజను నడచునపుడు వోల్టేజి 13కు దిగుచుండినచో మాత్రమే పెద్ద ఆల్టర్నేటరును ఆలోచింపవలెను. ఎంచునపుడు పైనున్న పెద్ద యంకెను గాక, నెమ్మదిగా తిరుగునపుడు ఎంత యిచ్చునో అడుగవలెను. బెల్టు వదులుగా ఉన్నచో ఎంత గొప్ప ఆల్టర్నేటరైనను జారుచు కీచుమనునే గాని విద్యుత్తు నీయదు. మరియు ఈ విద్యుత్తు ఉచితము కాదు. వేయి వాట్లు ఉత్పత్తి చేయుటకు ఇంజనునుండి సుమారు రెండున్నర అశ్వశక్తి లాగబడును. దాని వెల పెట్రోలు బంకులో చెల్లించుటయే.

ఇన్నియు చేయకముందే చౌకగా చేయదగినది యొకటి కలదు. ఒక వాటుకు ఎక్కువ శబ్దమిచ్చు స్పీకర్లను ఎంచుకొనుట. స్పీకరు పెట్టె మీద 87 డెసిబెల్సు, 90 డెసిబెల్సు అని వ్రాసియుండును. ఆ మూడు డెసిబెల్సు భేదమునకు విలువ యాంప్లిఫైయరును రెండింతలు చేసినంత. వాట్లు రెండింతలైనను చెవికి తోచునది స్వల్పమైన హెచ్చే. శబ్దము రెండింతలైనట్లు తోచవలెనన్న వాట్లు పదింతలు కావలెను. తలుపు రేకుల కంపము నణచు పట్టీలు అంటించి, స్పీకరు చుట్టునున్న రంధ్రములు మూసినచో, ఖర్చు లేకయే పాట నిండుదనము పొందును. గొంతు మంచిదైన గాయకునకు మైకుతో పని తక్కువ.

దీవులలో వీనికి తోడు ఉప్పుగాలి అను శత్రువు కలడు. ఏటికి మూడు వేల మిల్లీమీటర్లకు మించిన వాన, సముద్రపు తుంపర, తేమ కలిసి, రాగి ఇనుమును తాకినచోట చిలుమును, తుప్పును పుట్టించును. చెన్నపట్టణమున పదేండ్లు నిలుచు ఎర్తు బిగింపు ఇక్కడ రెండు వర్షఋతువులలో పాడగుట కలదు. కావున బిగించుచోట రంగును మెరయువరకు గీకి, లగ్గును గట్టిగా నొక్కించి, మర బిగించి, పైన గ్రీజుగాని వ్యాసెలిన్‌గాని పూసి, మరల రంగు వేయవలెను. తగరపు పూత గల రాగితీగ దొరకినచో దానినే వాడుట ఉత్తమము. ఆరునెలల కొకసారి బిగింపులను విప్పి చూడవలెను. పాటలో ఇంజను వేగముతో పాటు హెచ్చుచు తగ్గుచు కూత వినిపించినచో, ఎక్కడనో ఎర్తు చెడినదనియో, పాట తీగ విద్యుత్తు తీగ ప్రక్కనే పోవుచున్నదనియో గ్రహింపవలెను.

సెలవు రాయితీపై స్వస్థలమునకు పోవు ఉద్యోగులకు ఒక మాట. ఆపియున్న కారు కూడ గడియారము, తాళము మొదలగువాని నిమిత్తము 50 మిల్లీ ఆంపియర్లు తినుచుండును. దినమునకు 1.2 ఆంపియరు గంటలు. పదునెనిమిది దినములలో 45 గంటల బ్యాటరీ సగము ఖాళీ. యాంప్లిఫైయరును మేల్కొలుపు సన్నని తీగను తాళముతో నిమిత్తము లేని చోట తగిలించినచో, అది రేయింబవళ్ళు ఒక ఆంపియరు తిని రెండు దినములలోనే పని ముగించును. ఊరికి పోవునపుడు బ్యాటరీ మైనస్సు కొనను విప్పిపోవుట ఒక్క నిమిషపు పని. విప్పునపుడు మైనస్సు ముందు, బిగించునపుడు మైనస్సు తుది.

ఒకవేళ ఇతరుల బ్యాటరీనుండి అప్పు తీసికొనవలసివచ్చినచో, ప్లస్సును ప్లస్సునకు తగిలించి, మైనస్సు తీగ రెండవ కొనను చచ్చిన బ్యాటరీకి గాక, దానికి దూరముగా ఇంజను లోహమునకు తగిలింపవలెను. బ్యాటరీనుండి వెలువడు వాయువు నిప్పురవ్వకు అంటుకొనునది.

పాట వినువాని సౌఖ్యముతో బాటు విననొల్లనివాని సౌఖ్యమును కలదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి పది మొదలు ఉదయము ఆరువరకు 45 డెసిబెల్సు హద్దు. ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానములకు నూరు మీటర్లలోపల నిశ్శబ్దమండలముగా ప్రకటింపబడినచోట్ల హద్దు ఇంకను తక్కువ. బండ్ల వరుసలో ముందు కారులో జ్వరపు బిడ్డ ఉండవచ్చును. అద్దములు మూసియు ప్రక్కబండి అద్దములు అదరునంత పాట సంగీతము కాదు, దౌర్జన్యము.

ఊహించిన ఆ గృహస్థు ఏమి చేసెనో చెప్పి ముగించుట న్యాయము. పెద్ద ఆల్టర్నేటరు కొనలేదు. మూడు తీగలు, మూరెడులోపల ఒక ఫ్యూజు, మంచి బ్యాటరీ, ఎక్కువ డెసిబెల్సు గల రెండు స్పీకర్లు ఏర్పరచుకొనెను. 600 వాట్ల యాంప్లిఫైయరు స్థానమున 200 వాట్లది చేరెను. రేవులో వినుటకు ఖర్చిప్పుడు ఆరు ఆంపియర్లు. ముప్పదియైదు నిమిషములకు మూడున్నర గంటలు. చిన్న ప్రయాణముల జమ ఐదారు. పద్దు మొదటిసారిగా మిగులు చూపినది. పిల్లవాడు ప్రతి ఆదివారము ఉదయము, ఇంజను వేయకముందు, మీటరు పెట్టి అంకెను గోడ క్యాలెండరుపై వ్రాయును. ఆ యంకె 12.5కు దిగినచో ఆ వారము ఇంటిల్లిపాది స్వయముగా పాడుకొందురు. నాయనమ్మకు ఆ వారములే యిష్టమట.

సభ్యమహాశయులారా! దీవిలో నివసించువారికి ఆదాయమెరిగి వ్యయము చేయుట కొత్త పాఠము కాదు. ఓడ వచ్చినప్పుడే సరకు, వాన కురిసినప్పుడే నీరు. ఆ వివేకమునే బండి మూత క్రిందికిని కొనిపోయినచో, పాటయు ఆగదు, అర్ధరాత్రి బండియు ఆగదు. సెలవు.